"డౌట్స్ ఏమైనా ఉన్నాయా?"

మొన్న డిసెంబరులో మూడు వారాలు మా గచ్చిబౌలి ఆఫీసులో కూర్చుని పనిచేశాను. ఏళ్లుగా న్యూజెర్సీ నుంచి ఫోన్లో విన్న గొంతుల్ని ఎదురుగా చూడడం అదే మొదలు. సాఫ్ట్‌వేర్ రిలీజు ముందురోజు మీటింగులో "డౌట్స్ ఏమైనా ఉన్నాయా?" అన్నాను. ఎవరూ నోరు విప్పలేదు. తర్వాత క్యాంటీన్లో టీ కప్పు పట్టుకుని ఓ వరంగల్ కుర్రాడు పక్కకొచ్చాడు.

"అన్నా, గా స్క్రిప్టు పాత అకౌంట్లకు పనిచెయ్యది. నిన్ననే చూసిన."

మరి అక్కడే ఎందుకు చెప్పలేదన్నాను. "పోయినసారి చెప్పిన అక్కను 'అయితే నువ్వే చూసుకో' అని శని, ఆదివారాలు కూసోబెట్టిన్రు కదన్నా."

ఎవరు కూర్చోబెట్టారో అతను అనలేదు. ఆ మాట అన్నది నేనే.

మనవాళ్లు పెద్దల ముందు మాట్లాడరని, ఇంగ్లీషుకి జంకుతారని ఇక్కడ అమెరికాలో మన తెలుగువాళ్ల సమావేశాల్లో తరచూ వింటుంటాను. నేను ఒప్పుకోను. అదే పిల్లలు టీ దగ్గర మా డిజైన్లోని లోపాలన్నీ పూసగుచ్చినట్టు చెప్పారు. కిందటిసారి నోరు తెరిచినవాళ్లకి ఏమైందన్నదే అందరూ గుర్తుపెట్టుకుంటారు.

2009 జనవరి 7న సత్యం కంప్యూటర్స్ ఛైర్మన్ తమ కంపెనీ లెక్కల మోసాన్ని స్వయంగా ఒప్పుకున్నాక హైదరాబాద్ ఐటీ ఎంత వణికిందో మనకు తెలుసు. తర్వాత వచ్చిన 2013 కంపెనీల చట్టం, 177వ సెక్షన్లో, లిస్టెడ్ కంపెనీల్లో ఫిర్యాదుకి దారి ఉండాలని, చేసినవాళ్లని వేధింపుల నుంచి కాపాడాలని చెప్పింది. అవసరమైన చట్టమే. కానీ స్క్రిప్టులో తప్పుందని చెప్పడానికి ఆ దారిన ఎవరు వెళ్తారు? ఆ మాట మీటింగులోనే రావాలి.

ఎమీ ఎడ్మండ్‌సన్ అనే పరిశోధకురాలు 1990లలో ఆసుపత్రుల్లో మందుల పొరపాట్లని పరిశీలిస్తే, మంచి టీముల్లోనే ఎక్కువ పొరపాట్లు నమోదై కనిపించాయి. అక్కడివాళ్లు దాచుకోకుండా చెప్పుకుంటున్నారని ఆమెకి తర్వాత అర్థమైంది. తప్పులేవీ రాని టీమంటే నాకిప్పుడు భయం.

రిలీజు రెండు రోజులు వెనక్కి జరిపాం. శని, ఆదివారాలు కూర్చోబెట్టిన ఆ అమ్మాయికి అందరి ముందూ క్షమాపణ చెప్పాను. తప్పు చూపించినవాళ్ల నెత్తినే ఆ పని వేయకూడదని రాసి పెట్టుకున్నాం. "డౌట్స్ ఉన్నాయా?" మానేసి "ఇది ఎక్కడ తన్నేస్తుంది?" అని అడుగుతున్నాను, అందరికంటే చిన్నవాళ్లతో మొదలుపెట్టి. మొదటి రెండు కాల్స్‌లో నిశ్శబ్దమే.

పోయిన గురువారం ఆ అమ్మాయే మ్యూట్ తీసి, "ఈ డేటుకి కాదండీ, ఇంకో వారం కావాలి" అంది. క్లయింటుకి ఆ మాట నేనే చెప్పాను.