ఆన్ చేసే ముందు ఆరా తీయండి

పాత మిషన్ ఏదైనా చేతికొస్తే మనవాళ్ళు ముందు దానికి కరెంటు ఇస్తారు. వెలిగితే దాచుకుంటారు, వెలగకపోతే పాత ఇనుప సామాన్లవాడికి వేస్తారు. అదేంటి, ఎక్కడిది, ఎవరు వాడారు అని అడిగే ఓపిక ఎవరికీ లేదు. దీని మీద నాకు చాలా రోజులుగా కోపం ఉంది. ఈ సంక్రాంతికి జరిగింది చూశాక రాయక తప్పడం లేదు.

కందుకూరులో మా అత్త ఇంట్లో మామయ్య ఇనప్పెట్టె తెరిచాం. ఆయన పోయి మూడేళ్ళయింది. కువైట్‌లో బిల్డింగ్ పనుల్లో పదకొండేళ్ళు ఉండి వచ్చి, తర్వాత ఊళ్ళో అందరి స్థలాలూ కొలిచిపెట్టేవాడు. పాత పాస్‌పోర్టు, కొలతల టేపు, గుడ్డలో చుట్టిన స్కేళ్ళు, వాటి అడుగున రెక్సిన్ కవర్లో ఒక మిషన్. జానెడు కన్నా చిన్నది, పలచనిది. ఒకే వరుస తెర. ఎడమవైపు ఇంగ్లిష్ అక్షరాలు టైపు మిషన్ వరుసలో ఉన్నాయి, కుడివైపు అంకెలు. పేరు ఉండాల్సిన చోట రేకు ఊడిపోయి జిగురు మరక మిగిలింది. వెనక రాతలన్నీ అరిగి 'జపాన్' అనే మాట ఒక్కటే కనబడుతోంది.

ఫోటో తీసి మా ఫ్యామిలీ గ్రూపులో పెట్టాను. ఐదు నిమిషాల్లో తీర్పులు వచ్చేశాయి. ఒకరు గల్ఫ్ కాలిక్యులేటర్ అన్నారు. ఒకరు డిక్షనరీ అన్నారు. ఇంకొకరు మన సింప్యూటర్ అని తేల్చేశారు. సింప్యూటర్ అనే చేతి కంప్యూటర్ బెంగళూరులో పుట్టింది. భారత్ ఎలక్ట్రానిక్స్ వాళ్ళు 2004లో అమిడా పేరుతో మార్కెట్లోకి తెచ్చారు. దానికి ఇలా అక్షరాల మీటలు ఉండవు, తెర మీద పుల్లతో రాయాలి. ఫోటోలో ఇన్ని మీటలు కనబడుతుంటే ఆ మాట ఎలా అంటారు? తెలియనప్పుడు ఊరుకోవడం తప్పేం కాదు కదా.

పేరు దొరికితే చాలు, పని అయిపోయింది అనుకునేవాళ్ళతో ఇంకో ఇబ్బంది. ఆ కాలపు చేతి కంప్యూటర్లలో ముందు రాసి ఉండే పేరు చాలాసార్లు అమ్మినవాడిది, చేసినవాడిది కాదు. 1980లో షార్ప్ చేసిన పీసీ-1211నే అమెరికాలో రేడియో షాక్ తన టీఆర్ఎస్-80 పాకెట్ కంప్యూటర్‌గా అమ్మింది. 1983లో జపాన్ క్యోసెరా చేసిన ఒకే డిజైన్ రేడియో షాక్ యజమాని టాండీకి మోడల్ 100 అయింది, ఎన్ఈసీ కంపెనీకి పీసీ-8201 అయింది, ఇటలీలో ఒలివెట్టి ఎం10 అయింది. దీనికి తిరగేసిన కథ సోవియట్ వాళ్ళది. వాళ్ళ ఎలెక్ట్రోనికా ఎంకే-85 పైకి అచ్చం క్యాసియోలా ఉంటుంది, లోపలి ప్రాసెసర్ మాత్రం పూర్తిగా వేరు, పీడీపీ-11 అనే పాత అమెరికా కంప్యూటర్ జాతిది. కందుకూరు వాళ్ళకి ఇది విడమరిచి చెప్పక్కర్లేదు. 1970 దాకా మాది నెల్లూరు జిల్లా, తర్వాత ప్రకాశం, 2022లో మళ్ళీ నెల్లూరు. బోర్డు మీద జిల్లా పేరు మారినంత మాత్రాన ఊరు మారిందా?

నా కోపానికి అసలు కారణం 2013లో ఒంగోలులో జరిగింది. మా ఫ్రెండు వాళ్ళ నాన్నది ఒక బూడిద రంగు మిషన్, ఇటుకంత మందం, మీటల మీద అక్షరాలు పూర్తిగా అరిగిపోయాయి. అదేంటో కనుక్కుందామని ఒక రిపేరు షాపుకి తీసుకెళ్ళాం. నేను నోరు తెరిచేలోపు అక్కడి కుర్రాడు చేతికందిన అడాప్టర్ పిన్ను గుచ్చేశాడు. ఆ రోజుల్లో జపాన్ మిషన్లు చాలావాటికి పిన్ను మధ్యలో మైనస్ ఉంటుంది. ఇప్పటి అడాప్టర్లలో ఎక్కువగా మధ్యలో ప్లస్. కాలిన వాసన గుప్పున వచ్చింది. అంతటితో ఆగినా బాగుండేది. మూత ఊడదీసి, లోపలి చిప్పు మీద అంటించిన చిన్న స్టిక్కర్‌ని నంబరు చూడ్డానికని గోటితో గీకి పీకేశాడు. దాని కింద గాజు కిటికీ. అది ఈప్రామ్, అంటే ప్రోగ్రాం రాసి ఉంచే చిప్పు. అల్ట్రావయొలెట్ కాంతి పడితే అందులో రాసిన ప్రోగ్రాం చెరిగిపోతుంది. అలా పడకూడదనే ఆ స్టిక్కర్ వేస్తారు. ఏ నంబరు కోసం దాన్ని పీకాడో ఆ నంబరు కూడా ఆ కిటికీ కింద లేదు. మా వాడి నాన్న ఆ మిషన్‌తో ఏం పని చేశాడో చెప్పగలిగింది ఆ ప్రోగ్రాం ఒక్కటే. ఆయన అప్పటికే లేరు. ఆ రోజు మా వాడి మొహం నాకింకా గుర్తుంది.

అందుకే ఈసారి బ్యాటరీ జోలికి పోలేదు. ముందు మీటలు చదివాను. అక్షరాల పైన సన్నగా బేసిక్ అనే ప్రోగ్రాంల భాషలోని మాటలు ఉన్నాయి. అంటే ఇది కాలిక్యులేటర్ కాదు, ప్రోగ్రాం రాసుకునే పాకెట్ కంప్యూటర్. అడాప్టర్ గుచ్చడానికి రంధ్రం లేదు. వెనక మూత విప్పితే రెండు బిళ్ళ బ్యాటరీలు, సీఆర్2032 రకం. చివర్లు తుడిచి, వాచీల కొట్లో కొత్తవి కొని వేశాను. మోడ్ మీట నొక్కి ఒకటి నొక్కాను. తెర మీద పీ అక్షరం, పక్కన సున్నా నుంచి తొమ్మిది దాకా అంకెలు, పైన కుడి మూలలో చిన్నగా 544.

ఆ 544 చూడగానే లేచి నిలబడ్డాను. ప్రోగ్రాం రాసుకోవడానికి మిగిలి ఉన్న స్టెప్పులవి, అంటే మెమరీలో ఖాళీ జాగా. 1982 నాటి క్యాసియో పీబీ-100 సామర్థ్యం సరిగ్గా 544 స్టెప్పులు. ఇదే మిషన్‌ని రేడియో షాక్ పీసీ-4 అని అమ్మింది, జర్మనీ టైపు మిషన్ల కంపెనీ ఒలింపియా ఓపీ-544 అని అమ్మింది. ఆ జిగురు మరక మీద ఈ మూడింటిలో ఏ పేరున్నా పుట్టిల్లు క్యాసియోదే.

అయితే అది జపాన్ సంగతి. మామయ్య సంగతి అత్త దగ్గరుంది. "మీ మామ దాంట్లో అంకణాలు కట్టేవాడు అబ్బయ్యా" అంది. ఇన్నేళ్ళలో ఆవిణ్ణి ఈ ముక్క మేమెవరం అడగలేదు. బ్యాటరీలు ఎప్పుడో చచ్చిపోయాయి కాబట్టి మెమరీలో ఏమీ లేదు. రెక్సిన్ కవర్ లోపలి అరలో మాత్రం నాలుగు మడతల కాగితం దొరికింది. మామయ్య చేతిరాత. పైన పీ3 అని, అంటే మూడో నంబరు ప్రోగ్రాం, కింద రెండే లైన్లు. ఏ, బీ అడుగు. ఏని బీతో గుణించి 72తో భాగించి చూపించు. నెల్లూరు వైపు అంకణమంటే 72 చదరపు అడుగులు, ఎకరానికి 605 అంకణాలు. ఆ 72 జపాన్ వాడికీ తెలియదు, కువైట్ వాడికీ తెలియదు.

కాగితంలో ఉన్నది ఉన్నట్టు టైప్ చేశాను. మీటలు చిన్నవి, రెండుసార్లు తప్పుపోయింది. అత్త పక్కనే కూర్చుంది. "ఈ ఇంటి స్థలం కొట్టి చూడు, ముప్ఫై ఆరు, నలభై" అంది. కొట్టాను. తెర మీద 20 వచ్చింది.

"ఇరవయ్యే. రిజిస్ట్రేషన్ రోజు మీ మామ కూడా ఇరవయ్యనే చెప్పాడు" అని, మిషన్ నా చేతిలోంచి తీసుకుని కొంగుతో తెర తుడిచింది.