మెదడులోని తెలుపు గురించి కూడా మాట్లాడుకోవాలి

ఆదివారం తలకాయ కొట్టించుకొచ్చి భేజా వండినవాళ్లకు ఈ సంగతి తెలిసే ఉంటుంది. పైపొర తీసి కత్తితో అడ్డంగా కోస్తే అంచు చుట్టూ గులాబీ కలిసిన బూడిద రంగు, లోపల మీగడలాంటి తెలుపు కనిపిస్తాయి. గుండెజబ్బు ఉన్నవాళ్లను భేజా తినొద్దనేది దాన్నిండా ఉండే కొలెస్ట్రాల్ వల్లే. అందులో సింహభాగం ఆ తెలుపులోనే ఉంటుంది. మన మెదడూ అంతే. శరీరం బరువులో దాని వాటా 2 శాతం, ఒంట్లోని మొత్తం కొలెస్ట్రాల్‌లో మాత్రం సుమారు 20 శాతం. రక్తంలో తిరిగే కొలెస్ట్రాల్ మెదడులోకి దాదాపుగా రాదు. కావాల్సింది మెదడే తయారు చేసుకుంటుంది. ఆ కొవ్వును పొరలు పొరలుగా నాడీతీగల చుట్టూ చుట్టే కణం పేరు ఆలిగోడెండ్రోసైట్. అది చుట్టిన తొడుగు మైలిన్.

మానసిక జబ్బుల మాట వస్తే మనకు వెంటనే గుర్తొచ్చే పేర్లు డోపమైన్, సెరటోనిన్. ‘మెదడులో కెమికల్స్ తేడా చేశాయి’ అనే మాట డాక్టరు గదిలోంచి మన ఇళ్లలోకి వచ్చేసింది. ఆ మాట చేసిన మేలు తక్కువేం కాదు. గాలి సోకిందని, చేతబడి జరిగిందని తాయెత్తుల చుట్టూ తిరిగే ఎన్నో కుటుంబాలను ఆస్పత్రి గడప దాకా తెచ్చింది. కానీ దాన్నొక్కదాన్నే పట్టుకుని కూర్చుంటే మెదడులో సగం మన కంటికి ఆనదు. ఆ తెల్లటి భాగం ఏ వయసులో తయారవుతుంది, దానికి ఏ సరుకు కావాలి, ఏది దాన్ని దెబ్బతీస్తుంది అని అడగడం మొదలుపెడితే మానసిక ఆరోగ్యం మీద మనం చేయగలిగిన పనుల జాబితా పెరుగుతుంది. ఆ పనుల్లో కొన్ని చాలా చవక. అందుకే ఈ వ్యాసం.

నాడీకణం నుంచి సాగే పొడవాటి తీగ ఆక్సాన్. తొడుగు లేని సన్నటి ఆక్సాన్‌లో సంకేతం సెకనుకు ఒకటి రెండు మీటర్లు పోతే గొప్ప. తొడుగున్న లావుపాటి ఆక్సాన్‌లో 100 మీటర్ల దాకా పోతుంది. తొడుగు ఏకబిగిన ఉండదు. మధ్యమధ్య చిన్న ఖాళీలుంటాయి, సంకేతం ఒక ఖాళీ నుంచి ఇంకో ఖాళీకి గెంతుకుంటూ వెళ్తుంది. ఒక్క ఆలిగోడెండ్రోసైట్ పదుల సంఖ్యలో ఆక్సాన్ ముక్కలకు తొడుగు వేయగలదు. 1921లో దీనికి ఆ పేరు పెట్టిన స్పెయిన్ శాస్త్రవేత్త పియో దెల్ రియో ఓర్తేగాకు సూక్ష్మదర్శినిలో కొద్దిపాటి కొమ్మలే కనిపించాయి. గ్రీకు మాటల్లో ఆ పేరుకు అర్థం ‘కొద్ది కొమ్మల కణం’ అనే.

కరెంటు వైరు మీది ప్లాస్టిక్ తొడుగుతో దీన్ని పోలుస్తుంటారు. ఆ పోలిక సగం దూరమే వస్తుంది. ప్లాస్టిక్ వైరుకు అన్నం పెట్టదు, ఈ కణం పెడుతుంది. గ్లూకోజును లాక్టేట్‌గా మార్చి ఆక్సాన్‌కు అందిస్తుందని, ఆ సరఫరా ఆగితే ఆక్సానే పాడవుతుందని 2012లో జర్మనీలోని గోటింగెన్ బృందం, అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ బృందం వేర్వేరుగా చూపించాయి.

తొడుగు పని పుట్టుకతో పూర్తయ్యేది కాదు. మొదటి రెండేళ్లలో చాలా వేగంగా సాగుతుంది. నుదుటి వెనకాల, ఆలోచించి నిర్ణయం తీసుకునే భాగంలో ఇరవై ఏళ్లు దాటాక కూడా కొనసాగుతుంది. ఇన్నేళ్లు సాగే పని గనుక చుట్టూ ఉన్న బతుకు దాని మీద ముద్ర వేస్తుంది. 2012లో బోస్టన్ శాస్త్రవేత్తలు పాలు మానిన ఎలుక పిల్లలను రెండు వారాలు ఒంటరిగా ఉంచారు. మెదడు ముందుభాగంలో తొడుగు పలచబడింది. తర్వాత తోటి ఎలుకల మధ్యకు చేర్చినా కోలుకోలేదు. అదే ఏడాది మరో బృందం పెద్ద ఎలుకలను ఒంటరిగా పెడితే వాటికీ తొడుగు పని కుంటుపడింది. అయితే వాటిని మళ్లీ గుంపులో కలిపినప్పుడు ప్రవర్తన మామూలైంది. మనుషుల దగ్గరికొస్తే, రుమేనియా రాజధాని బుకారెస్ట్‌లో అనాథాశ్రమాల్లో పెరిగిన 136 మంది చిన్నపిల్లలతో 2000లో ఒక అధ్యయనం మొదలైంది. లాటరీ వేసినట్టుగా సగం మందిని పెంపుడు కుటుంబాలకు పంపారు. ఏళ్ల తర్వాత స్కాన్ చేస్తే ఆశ్రమంలో పెరిగిన పిల్లల తెలుపు భాగంలో తేడాలున్నాయి. కుటుంబాల్లోకి వెళ్లినవాళ్లలో కొన్ని నాడీతీగల దారులు మామూలు పిల్లల స్థాయికి దగ్గరగా వచ్చాయి. ఒళ్లో కూర్చోబెట్టుకుని మాట్లాడే మనిషి ఉండటం, లేకపోవడం మెదడు నిర్మాణానికే సంబంధించిన విషయమని ఇంతకన్నా గట్టిగా చెప్పిన అధ్యయనం నేను చదవలేదు.

ఇక జబ్బుల సంగతి. లేని మాటలు వినిపించడం, లేనిపోని అనుమానాలు రావడం వంటి లక్షణాలుండే స్కిజోఫ్రీనియా ఎక్కువగా బయటపడేది పద్దెనిమిదికీ ముప్పైకీ మధ్య, అంటే ముందుభాగంలో తొడుగు పని ఇంకా నడుస్తున్న వయసులో. 2001లో, చనిపోయిన రోగుల మెదళ్లలో ఏ జన్యువుల పని తగ్గిందో వెతికినవాళ్లకు మైలిన్‌కు సంబంధించినవి వరసగా దొరికాయి. 2018లో పలు దేశాల నుంచి 1,963 మంది రోగుల, 2,359 మంది ఆరోగ్యవంతుల స్కాన్లను ఒక్కచోట పోల్చారు. చూసిన 25 భాగాల్లో 20 చోట్ల రోగుల తెలుపు భాగం పట్టు తగ్గి కనిపించింది. డిప్రెషన్‌తో ఆత్మహత్య చేసుకున్న పురుషుల మెదడు కణాలను ఒక్కొక్కటిగా పరిశీలించిన కెనడా శాస్త్రవేత్తలు 2020లో చెప్పిందీ దీనికి దగ్గరిదే. జన్యువుల పనితీరులో ఎక్కువ మార్పు కనిపించిన రెండు కణజాతుల్లో ఒకటి ఆలిగోడెండ్రోసైట్‌గా మారాల్సిన లేత కణం.

వీటన్నిటికన్నా నన్ను ఆపి ఆలోచింపజేసేది మెటాక్రొమాటిక్ ల్యూకోడిస్ట్రఫీ అనే అరుదైన వంశపారంపర్య జబ్బు. ఒక ఎంజైమ్ లోపంతో మైలిన్ శిథిలమవుతుంది. పసితనంలో మొదలైతే నడక పోతుంది. అదే పన్నెండుకూ ముప్పైకీ మధ్య మొదలైన కేసులను 1992లో సమీక్షిస్తే, సగానికి పైగా రోగుల్లో చెవిలో మాటలు వినిపించడం, లేనిపోని అనుమానాలు వంటి సైకోసిస్ లక్షణాలు ఉన్నాయి. తొడుగు ఒక వయసులో చెడితే నడక, ఇంకో వయసులో చెడితే మనసు.

అలాగని మానసిక జబ్బులన్నీ మైలిన్ జబ్బులే అని ఎవరైనా చెబితే నమ్మొద్దు. స్కాన్ చూసేది నీటి అణువుల కదలికను, మైలిన్‌ను నేరుగా కాదు. మందులు, పొగ, మద్యం ఆ లెక్కను మారుస్తాయి. వేలమంది సగటులో కనిపించిన తేడాతో ఒక మనిషికి జబ్బుందో లేదో తేల్చలేం. తొడుగు చెడి జబ్బు వచ్చిందా, జబ్బుతో బతకడం వల్ల తొడుగు చెడిందా అన్నదీ చాలా కేసుల్లో తేలలేదు. మందుల విషయంలో తొందరపాటు మరీ ప్రమాదం. క్లెమాస్టిన్ అనే పాత అలర్జీ మందు 2017లో మైలిన్ దెబ్బతినే మల్టిపుల్ స్క్లెరోసిస్ అనే జబ్బున్న 50 మందిలో కంటినరం సంకేతాన్ని కొద్దిగా వేగవంతం చేసింది. తర్వాత మరో పరీక్షలో కొందరికి వైకల్యం పెరగడంతో ఆ మందు ఇవ్వడం ఆపేశారు.

కాబట్టి కొత్త మందు కోసం ఎదురుచూడటం కన్నా, తొడుగుకు కావాల్సిన సరుకు అందుతోందా అని చూడటం మనకు ముందు పని. ఒకటి విటమిన్ బి12. పాలు, గుడ్లు, మాంసం, చేపల్లోనే దొరుకుతుంది. ఏళ్ల తరబడి షుగర్‌కు మెట్‌ఫార్మిన్ వాడేవాళ్లకు, పరగడుపున గ్యాస్ మాత్ర అలవాటైనవాళ్లకు తగ్గిపోవచ్చు. అరికాళ్లు తిమ్మిరెక్కడం, తూలడం, మతిమరుపు, దిగులు, ఒక్కోసారి భ్రమలు కూడా దీని లక్షణాలే. రక్తహీనత లేకపోయినా నరాలు చెడుతూ ఉండొచ్చు. పెద్దాయన మాట తేడాగా ఉందంటే ‘వయసు మీద పడింది’ అని వదిలేసే ముందు ఈ ఒక్క బి12 రక్తపరీక్ష చేయించాలి. తల్లికి బి12 లేక, తల్లిపాలే ఆధారమైన బిడ్డలకు వచ్చే ఒక జబ్బు మన పిల్లల డాక్టర్లకు బాగా తెలుసు. ఆర్నెల్లు దాటిన బిడ్డ, చూడటానికి బొద్దుగానే ఉంటుంది. వేళ్ల కణుపులు నల్లబడతాయి, జుట్టు పలచబడి గోధుమరంగుకు తిరుగుతుంది. అంతకుముందు నవ్విన బిడ్డ నవ్వడం మానేస్తుంది, తర్వాత వణుకు మొదలవుతుంది. త్వరగా గుర్తించి బి12 ఇస్తే ఆ నవ్వు రోజుల్లోనే తిరిగి రావడం మొదలవుతుంది. ఆలస్యమైతే చదువూ మాటా వెనకబడిపోతాయి.

రెండోది ఇనుము. మెదడు కణాల్లో అందరికన్నా ఎక్కువ ఇనుము నిల్వ ఉంచుకునేది ఆలిగోడెండ్రోసైటే, కొవ్వు తయారీకి అది కావాలి గనుక. చిలీలో ఆర్నెల్ల పసివాళ్లను పరీక్షిస్తే, ఇనుము లోపంతో రక్తహీనత ఉన్నవాళ్లలో చెవి నుంచి మెదడుకు సంకేతం నెమ్మదిగా వెళ్లింది. ఇనుము ఇచ్చి రక్తహీనత తగ్గించాక, ఏడాదిన్నర వయసులోనూ ఆ తేడా మిగిలే ఉంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో ఐదేళ్లలోపు పిల్లల్లో 67 శాతం మందికి రక్తహీనత. తెలంగాణలో 70 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 63 శాతం. ఇందులో అంతా ఇనుము లోపమే అనలేం, కానీ పెద్ద వాటా దానిదే.

ఆరో నెల నుంచి ఐదేళ్ల దాకా ప్రతి బిడ్డకూ వారానికి రెండుసార్లు 1 మిల్లీలీటరు ఐరన్ సిరప్ ఇవ్వాలన్నది ‘అనీమియా ముక్త్ భారత్’ కార్యక్రమం నియమం. సీసా ఇంటికి చేరుతుంది, బిడ్డకు మలం నల్లగా వచ్చేసరికి అమ్మమ్మ భయపడి ఆపించేస్తుంది. ఆ సీసా చేతికిచ్చేటప్పుడు ఆశా కార్యకర్త ‘రక్తం పడుతుందమ్మా’ అంటుంది. మలం నల్లబడటం మామూలేనని, ఈ రెండేళ్లలో బిడ్డ మెదడులో తొడుగులు పడుతున్నాయని, వాటికీ ఈ చుక్కలే కావాలని కూడా ఆమెతో చెప్పించాలి. మానసిక ఆరోగ్యం మీద పెట్టే ఖర్చులో ఆ సీసాను కూడా లెక్క వేయాలి.