నీళ్ళ మీద పక్క పడవోడే దిక్కు

పడవ నడిపేటోళ్ళను మనం మనుషుల లెక్కల ఏస్తలేం. ఈ మాట చానా రోజులసంది కడుపుల ఉన్నది, ఇయ్యాల రాస్తున్న. జర పొడుగుంటది, ఓపికున్నోళ్ళు చదువున్రి.

ములుగు దిక్కు లక్నవరం చెరువుకు ఎప్పుడు పోయినా ఒకటే తంతు. లైఫ్ జాకెట్ చేతికిస్తే, ఫొటోల మంచిగ రాదని విప్పి ఒడిల పెట్టుకుంటరు. పడవ నడిపే పిలగాడు "అన్నా, క్లిప్పు పెట్టుకోన్రి, నిలబడకున్రి" అని మొత్తుకుంటే, "పైసలిచ్చి ఎక్కినం, మాకే చెప్తవా" అని వాని మీదికే లేస్తరు. ఆ పిలగాని వయసు మన ఇంట్ల డిగ్రీ చదివేటోని వయసే. అయినా నోరు మూసుకొని మనల్ని సల్లంగ తిప్పి ఒడ్డుకు చేరుస్తడు.

అక్కడ్నే ఒకసారి దీవుల నడుమ ఒక పడవ ఇంజన్ బందయింది. రెక్కకు నాచు చుట్టుకున్నది. ఎవరినీ పిలిచింది లేదు, ఫోన్ చేసింది లేదు. నిండ జనంతోని ఎదురుంగ పోతున్న ఇంకో పడవోడు చూసిండు, మలిపిండు, తాడు ఇసిరిండు, మెల్లగ గుంజుకపోయిండు. వాని పడవల కూసున్నోళ్ళల్ల ఒకాయన "మా టైమ్ పోతున్నది" అని గునిసిండు. పడవోడు నవ్వి, "ఇడిసిపెట్టి పోతమా సార్, రేపు నాది ఆగదా?" అన్నడు. గంతే. గీ ఒక్క మాట మీదనే నదులు, చెరువులు నడుస్తున్నయ్. మన హన్మకొండ చౌరస్తల బండి ఆగితే ఎనుకకెల్లి హారన్లు మోగుతయ్ గని, ఆగి అడిగేటోడు ఎంతమందికొకడు?

ఇగ గోదావరిల లాంచీ మునిగిన కచ్చులూరు సంగతికొస్త. 2019 సెప్టెంబర్ 15, ఆదివారం. కాజీపేట పక్కన కడిపికొండకెల్లి 14 మంది పాపికొండలు చూడ పోయిన్రు. గోదావరి అప్పుడు 5 లక్షల క్యూసెక్కుల మీద పారుతున్నది, ఆ నీళ్ళల్ల లాంచీని అసలు తోలుడే తప్పు. మధ్యాహ్నం భోజనాల యాల్లకు తిరగబడ్డది. లాంచీల 77 మంది ఉంటే బతికింది 26 మంది. కడిపికొండోళ్ళల్ల తిరిగొచ్చింది 5గురే. అన్నానికి కూసునేటప్పుడు జాకెట్లు విప్పినమని బతికినోళ్ళు తర్వాత చెప్పిన్రు.

మరి బతికినోళ్ళను నీళ్ళల్లకెల్లి గుంజింది ఎవరు? ఆ ఒడ్డు మీది తూటుగుంట ఊరి గిరిజనులు. గట్టు మీదికెల్లి చూసి, నాటు పడవలేసుకొని, ఆ సుడుల నడుమకు పోయిన్రు. మునిగిన లాంచీని అక్టోబర్ 22న బయటికి తీసిన కాకినాడ ధర్మాడి సత్యం పేరు మనకు యాదికున్నది, ఉండాలె సుత, చిన్న పనేం కాదు. కని తూటుగుంట పేరు మన వరంగల్‌ల ఎంతమందికి ఎరుక? మన ఊరోళ్ళు మునిగిన కాడికి ముందుగాల పడవ తోలుకొచ్చింది ఆళ్ళే గదా.

కొందరంటరు, ఈతొచ్చినోళ్ళకు గదేం పెద్ద పని అని. ఆళ్ళ కోసమే ఇది రాస్తున్న. కొట్టుకపోయే మనిషి కాడికి పడవను ఎట్లంటే అట్ల తోలద్దు. కిందికెల్లి, పారే నీళ్ళకు ఎదురెక్కుకుంట పోవాలె. పైకెల్లి వస్తే పడవ ఆ మనిషి మీదికే ఎక్కుతది. దగ్గరికి పోంగనే ఇంజన్ బందు చెయ్యాలె, లేకుంటే రెక్కలు కాళ్ళను కోస్తయ్. ఇద్దరు ముగ్గురు ఒక్క దిక్కే వంగి గుంజితే నాటు పడవ బోర్ల పడ్తది. మునిగేటోడు ఏది దొరికితే అది గట్టిగ పట్టుకుంటడు, కాపాడ వచ్చినోని మెడ సుత. ఇవన్ని చూసుకుంట, తన వల, తన పడవ, తన పాణం పణం పెట్టి ఒక మనిషిని ఎక్కించుకుంటడు ఆయన. సర్టిఫికెట్ ఉండదు, జీతం ఉండదు. ఎక్కువసార్లు ఆయన ఒంటి మీద జాకెట్ సుత ఉండదు!

మన ములుగు, భూపాలపల్లి దిక్కు పెద్దమనుషులను అడుగున్రి. ముల్లకట్ట వంతెన లేనప్పుడు ఏటూరునాగారంకెల్లి వాజేడు, వెంకటాపురం దిక్కు దాటాలంటే పడవే. కాళేశ్వరంకెల్లి మహారాష్ట్రల ఉన్న సిరొంచకు పోవాలన్నా పడవే. పురుటి నొప్పులొచ్చిన ఆడిబిడ్డను అర్ధరాత్రి దాటించేది రేవు కాడ పండుకున్న పడవాయనే. వంతెనలొచ్చినయ్, మంచిదే. కని రేవులతోపాటు ఆ మనుషులను సుత మర్చిపోయినం.

వానలొస్తే మాత్రం యాదికొస్తరు. 2022 జులైల గోదావరి భద్రాచలం కాడ 71.3 అడుగులకు ఎక్కింది. 2023 జులై 27న మోరంచవాగు మోరంచపల్లిని ముంచింది, జనం డాబాల మీదికెక్కి కూసున్నరు. ఆ యాల్లనే జంపన్నవాగు కొండాయిల పాణాలు తీసింది. హెలికాప్టర్ వచ్చింది అందరికి యాదికుంటది, టీవీల చూసినం గద. కని హెలికాప్టర్ రావాలంటే మబ్బు తెరిపియ్యాలె, కాపాడే బృందాలు రావాలంటే రోడ్డు తెగకుండాలె. అప్పటిదాంక ఊరికి దిక్కు ఆ ఊరి పడవే. ఎస్సారెస్పీ (శ్రీరాంసాగర్) కాలువల ఎవడన్న పడితే "గజ ఈతగాళ్ళను పిలువున్రి" అంటరు. ఆళ్ళొచ్చి శవాన్ని తీసిస్తరు, ఆళ్ళకు ఇంత బువ్వ పెట్టి పంపుతరు. మల్ల ఇంకొకడు పడేదాంక ఆళ్ళ ఊసుండదు.

నేను దండలు, శాలువలు అడుగుతలేను. శాలువ కప్పుకుంటే నీళ్ళల్ల తేలుతడా ఎవడన్న? గోదావరి ఒడ్డు ఊర్లల్ల పడవున్న ప్రతి ఇంటికి నాలుగు జాకెట్లు, ఒక పొడుగు తాడు, ఒక మంచి టార్చిలైట్ ఇయ్యున్రి. పడవోళ్ళ ఫోన్ నంబర్లు పంచాయతీ గోడ మీద రాయున్రి. వరదల తోలినన్ని రోజులు డీజిల్ పైసలు, కూలి ఆ నెలల్నే ఇయ్యున్రి. పడవ పగిలితే కొత్తది కొనియ్యున్రి, ఎందుకంటే ఆయన బతుకుదెరువు అదే.

2027ల గోదావరి పుష్కరాలు. కాళేశ్వరం, మంగపేట ఘాట్లకు జనం తిరునాళ్ళ లెక్క వస్తరు. ఇప్పటిసందే మీటింగులు అయితయ్, ఏసీ రూముల మ్యాపులు పరుస్తరు. ఆ టేబుల్ కాడ ఒక్క కుర్చీ రేవు పడవాయనకు ఎయ్యున్రి. ఎక్కడ సుడి ఉన్నది, ఎక్కడ ఇసుక జారుతది, ఏ ఘాటు కాడ నిలువు లోతు ఉన్నదో ఆయన చాయ్ తాగేలోపల చెప్తడు.