‘ఐస్‌లో పెట్టిన చేప శవమే’ అంటున్న మెసేజ్‌కి జవాబు

ఈ మధ్య గ్రూపుల్లో ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది. సారాంశం ఇదీ: చేపను పట్టిన గంటలోపే తినాలి, ఐస్‌లో గానీ ఫ్రీజర్‌లో గానీ పెట్టిన చేప శవంతో సమానం, అందులో పోషకాలేవీ మిగలవు. జపాన్ వాళ్ళు సముద్రంలోంచి తీసింది తీసినట్టే పచ్చిగా తింటారు కాబట్టే నూరేళ్ళు బతుకుతున్నారు. పచ్చిది తినాలంటే భయమైతే నిమ్మరసం పిండండి, అదే ఉడికించేస్తుంది, క్రిములన్నీ చస్తాయి. ఎండబెట్టినవి, డబ్బాల్లో వచ్చేవి చెత్త. ఘాటుగా వాసన వచ్చేదే అసలు చేప, వాసన లేదంటే కెమికల్స్‌తో కడిగినట్టు. ఆఖర్న, అలవాటుగా, చేప తిని పాలు తాగితే బొల్లి వస్తుందని. దీన్ని పదిమందికీ పంపమని కూడా ఉంది, పంపుతున్నారు కూడా.

ఇందులో నిజం ఒక్కటే, చేప త్వరగా పాడవుతుంది. అందుకే ప్రపంచంలో చేప తినే ప్రతి జాతీ, పట్టాక దాన్ని ఏం చేయాలన్న దాని మీదే తన తెలివంతా పెట్టింది. ఆ తెలివినే ఈ మెసేజ్ చెత్తబుట్టలో వేస్తోంది కాబట్టి వరసగా మాట్లాడుకుందాం.

ముందు ఆ ‘గంటలోపు’ సంగతి. ఐస్‌లాండ్‌లో హాకార్ల్ అని ఒక వంటకం ఉంది, గ్రీన్‌లాండ్ షార్క్ మాంసంతో చేస్తారు. ఈ షార్క్‌ను పట్టిన గంటలో తింటే కడుపు చెడడమే కాదు, తాగినవాడిలా తూలిపోతారు, ఎందుకంటే దాని కండలో ట్రైమిథైలమీన్ ఆక్సైడ్ చాలా ఎక్కువ, అది పేగుల్లో విషంగా మారుతుంది. దాన్ని కొన్ని వారాలపాటు గులకరాళ్ళ గుంటలో పాతిపెట్టి, తర్వాత నాలుగైదు నెలలు గాలికి వేలాడదీస్తే గానీ తినడానికి పనికిరాదు. అంటే తాజాగా ఉన్నప్పుడు విషం, పాతబడ్డాక తిండి. (దాని కంపు గురించి విన్నవాళ్ళెవరూ అది రుచికరం అని నాతో వాదించరనుకోండి, అది వేరే గొడవ.)

షార్క్ అరుదైన ఉదాహరణ అంటారా, సరే, మామూలు చేపనే తీసుకోండి. చచ్చిన కొన్ని గంటల్లో చేప బిగుసుకుపోతుంది, తర్వాత మళ్ళీ మెత్తబడుతుంది. ఈ లోపు కండలో ఉన్న ఏటీపీ (కణాలకి శక్తినిచ్చే పదార్థం) విరిగి ఇనోసినిక్ ఆమ్లం పోగవుతుంది, చేపలో మనకి నాలుకకి పట్టే ఆ కమ్మదనంలో పెద్ద వాటా దీనిదే. దీన్ని 1913లో షింతారో కొదామా అనే జపాన్ శాస్త్రవేత్త కత్సువోబుషిలో గుర్తించాడు. కత్సువోబుషి అంటే స్కిప్‌జాక్ ట్యూనాను ఉడికించి, పొగబెట్టి, ఎండబెట్టి, మేలు రకానికైతే బూజు కూడా పట్టించి, నెలల తరబడి శ్రమపడి తయారుచేసే చెక్కలాంటి ముక్క. జపాన్ వంటల్లో సగం రసాలకి అదే పునాది. పట్టిన గంటలో తినే చేపలో ఈ రుచి ఇంకా పూర్తిగా పుట్టనే పుట్టదు, అందుకే మంచి సుషీ (అన్నం, చేపతో చేసే జపాన్ వంటకం) వంటవాళ్ళు పెద్ద చేపల్ని చల్లగా కొన్ని రోజులు ఉంచి మరీ కోస్తారు.

ఇక ఫ్రీజర్. గడ్డకట్టించినంత మాత్రాన ప్రోటీన్ ఎక్కడికీ పోదు, ఒమేగా-3 కొవ్వులూ సరిగ్గా నిల్వచేస్తే ఉంటాయి. పోయేది కండ బిగువు, అదీ నెమ్మదిగా గడ్డకట్టినప్పుడే. నెమ్మదిగా గడ్డకడితే మంచు స్ఫటికాలు పెద్దవై కణాల్ని చీలుస్తాయి, కరిగించినప్పుడు నీరంతా కారిపోయి ముక్క దూదిలా అవుతుంది. వేగంగా గడ్డకడితే స్ఫటికాలు చిన్నగా ఉంటాయి, కండ నిలబడుతుంది. క్లారెన్స్ బర్డ్స్‌ఐ అనే అమెరికన్ 1910ల్లో కెనడాలోని లాబ్రడార్‌లో ఉన్నప్పుడు, అక్కడి ఆదివాసులైన ఇన్యూట్‌లు పట్టిన చేప ఆ చలిగాలికి క్షణాల్లో గడ్డకట్టడం, నెలల తర్వాత కరిగించినా బాగుండటం చూశాడు. 1920ల్లో అతను పెట్టిన వ్యాపారమే ఇప్పటి ఫ్రోజెన్ ఫుడ్‌కి మొదలు. ఇవాళ దూర సముద్రాల్లో ట్యూనా పట్టే ఓడలు చేపను అక్కడికక్కడే మైనస్ 60 డిగ్రీలకి దించేస్తాయి, టోక్యోలో పేరున్న చోట కూడా సాషిమిగా, అంటే పచ్చి ముక్కలుగా, వడ్డించేది చాలావరకు అలా వచ్చిందే. సైబీరియాలో అయితే ఇంకో మెట్టు పైకి వెళ్ళారు, స్ట్రోగనినా అని, గడ్డకట్టిన చేపనే కత్తితో పలచటి చుట్టలుగా చెక్కి, కరగకముందే ఉప్పూ మిరియాల పొడితో తింటారు. వాళ్ళ దగ్గరికెళ్ళి ఇది శవం అనండి చూద్దాం.

జపాన్ గురించి రాసింది చదివితే ఈ మెసేజ్ రాసినాయనకి జపాన్ అంటే టీవీలో సుషీ ప్లేట్ ఒక్కటే అనిపిస్తుంది. సుషీకి మూలమైన నరెజుషి అసలు తాజా చేప వంటకమే కాదు, ఉప్పు పట్టించిన చేపను అన్నంలో పెట్టి నెలలు, ఏళ్ళు పులియబెట్టడం. బివా సరస్సు చుట్టుపక్కల ఇప్పటికీ ఫునజుషి పేరుతో అది చేస్తారు. 19వ శతాబ్దం మొదట్లో ఎదోలో, అంటే ఇప్పటి టోక్యోలో, చేత్తో ఒత్తే సుషీ వచ్చినప్పుడు ఫ్రిజ్‌లు లేవు కాబట్టి ట్యూనాను సోయా సాస్‌లో నానబెట్టేవాళ్ళు, చిన్న చేపల్ని ఉప్పూ వెనిగర్ పట్టించేవాళ్ళు, సముద్రపు పాముచేపను ఉడికించేవాళ్ళు. సాల్మన్ సుషీ అయితే నిన్న మొన్నటిది. పసిఫిక్ సాల్మన్‌లో పురుగులుంటాయని తెలిసి జపాన్ వాళ్ళు దాన్ని ఉప్పువేసి కాల్చుకుని తినేవాళ్ళు తప్ప పచ్చిగా ముట్టుకునేవాళ్ళు కాదు. 1980ల్లో నార్వే తన పెంపకపు సాల్మన్‌ని అమ్ముకోవడానికి పట్టుబట్టి ప్రచారం చేస్తే అలవాటైంది. పెంపకపు సాల్మన్‌కి గుళికల మేత వేస్తారు కాబట్టి పురుగుల బెడద దాదాపు ఉండదు, అదీ కిటుకు.

నూరేళ్ళ ఆయుష్షు? జపాన్‌లో ఆయుర్దాయం పెరగడానికి వైద్యం, అందరికీ ఆరోగ్య బీమా, రక్తపోటు అదుపులోకి వచ్చి స్ట్రోక్ మరణాలు బాగా తగ్గడం, ఇలాంటి కారణాలు బోలెడున్నాయి. చేప మంచిదే, కాదనను. కానీ వాళ్ళు రోజూ తినేదాంట్లో కాల్చింది, ఉడికించింది, ఎండబెట్టిందే ఎక్కువ, పచ్చిది కాదు.

పచ్చి చేపలో అసలు సమస్య అనిసాకిస్ అనే సన్నటి పురుగు. హెర్రింగ్, మాకెరెల్, కాడ్, పెంపకం కాని సాల్మన్, స్క్విడ్ లాంటి వాటిలో ఉంటుంది, మనిషి కడుపులోకి పోతే గోడకి గుచ్చుకుని భరించలేని నొప్పి. దీన్ని చంపేది వేడి, లేదా ఈ మెసేజ్ తిట్టిపోస్తున్న ఫ్రీజింగ్! నెదర్లాండ్స్‌లో ఉప్పు పట్టించిన పచ్చి హెర్రింగ్‌ని తోక పట్టుకుని నోట్లోకి దింపుకునే అలవాటుంది. 1950లు, 60ల్లో అక్కడ ఈ పురుగు జబ్బు కేసులు బయటపడితే 1968లో హెర్రింగ్‌ని అమ్మేముందు గడ్డకట్టించాల్సిందేనని చట్టం చేశారు, జబ్బు దాదాపు మాయమైంది. స్పెయిన్‌లో వెనిగర్‌లో నానబెట్టే ఆంకోవీలనే చిన్న చేపల వల్ల ఇదే తంటా వచ్చి, 2006లో అక్కడా హోటళ్ళకి ఫ్రీజింగ్ తప్పనిసరి చేశారు. అమెరికా నిబంధన మైనస్ 20 డిగ్రీల్లో 7 రోజులు, లేదా మైనస్ 35 దగ్గర గడ్డకట్టించి అక్కడే 15 గంటలు. ఇళ్ళల్లో ఫ్రీజర్లు సాధారణంగా మైనస్ 18 దగ్గరే తచ్చాడుతుంటాయి కాబట్టి, ఇంట్లో ఒక రాత్రి పెట్టి పచ్చిగా తినేయొచ్చనుకోకండి.

స్పెయిన్ సంగతి చదివాక నిమ్మరసం పాయింట్ సగం పడిపోయినట్టే, మిగతా సగం కూడా పడగొడదాం, ఎందుకంటే ఈ మెసేజ్‌లో అన్నిటికంటే ప్రమాదకరమైన లైన్ ఇదే. పచ్చి చేపను నిమ్మరసంలో నానబెట్టే పెరూ సెవిచే గొప్ప వంటకం, 2023లో యునెస్కో సాంస్కృతిక వారసత్వ జాబితాలో కూడా చేరింది. నిమ్మపులుపు తగిలితే చేప ప్రోటీన్ బిగుసుకుని తెల్లబడుతుంది, చూడ్డానికి ఉడికినట్టే ఉంటుంది. ఆ మార్పు నిజమే, కానీ అది చేప ప్రోటీన్‌కి జరిగింది, పురుగుకి కాదు. పులుపు వల్ల కొన్ని బ్యాక్టీరియా తగ్గుతాయి, అన్నీ చావవు, అనిసాకిస్ మాత్రం కడుపులో ఆమ్లాన్నే తట్టుకునేది, నిమ్మకాయకి భయపడుతుందా? మంచి సెవిచే అంటే ముందే మంచి చేప, సరైన చలి, ఆ తర్వాతే నిమ్మ.

మంచినీటి చేపతో అయితే ఇంకా ఘోరం. ఈశాన్య థాయ్‌లాండ్‌లో కోయ్ ప్లా అని, పచ్చి మంచినీటి చేపను తరిగి నిమ్మరసం, కారం, ఆకులు కలిపి తింటారు. అందులో ఉండే లివర్ ఫ్లూక్ అనే పరాన్నజీవి పిత్తనాళాల్లో ఏళ్ళ తరబడి తిష్ఠవేస్తుంది. పిత్తనాళాల క్యాన్సర్ ప్రపంచంలో అత్యధికంగా కనిపించేది ఆ ప్రాంతంలోనే, ప్రపంచ ఆరోగ్య సంస్థకి చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 1994లోనే ఈ పరాన్నజీవిని క్యాన్సర్ కారకంగా తేల్చింది. తరతరాలుగా నిమ్మరసం పిండుతూనే ఉన్నారు మరి. అదే చేపను ఉడికించి తింటే ఏ బాధా లేదు.

ఎండుచేప, డబ్బాచేప చెత్త అన్నదానికి నాకు కోపం కంటే నవ్వే ఎక్కువ వచ్చింది. నార్వేలోని లోఫోటెన్ దీవుల్లో ఉప్పు కూడా వేయకుండా కాడ్‌ని కొయ్య దండేల మీద చలిగాలికి ఆరబెడతారు, అది ఇటలీ వెళ్ళి విచెన్సాలో పాలు, ఉల్లిపాయలతో గంటలు ఉడికి పండగ వంట అవుతుంది, నైజీరియా వెళ్ళి సూపుల్లో పడుతుంది. పోర్చుగల్ వాళ్ళు ప్రాణం పెట్టే బకల్యావ్ ఉప్పేసి ఎండబెట్టిన కాడ్ చేపే, విచిత్రమేంటంటే ఆ చేప వాళ్ళ తీరంలో దొరకదు. జమైకా జాతీయ వంటకం అకీ పండుతో వండే ఉప్పుచేప. వియత్నాం చేప సాస్ కోసం ఆంకోవీలను ఉప్పులో ఏడాది పాటు ఊరబెడతారు. డబ్బాలో సార్డీన్‌లయితే ముల్లుతో సహా మెత్తబడి ఉంటాయి, ఆ ముల్లు నమిలితే కాల్షియం. ఒక్క జాగ్రత్త మాత్రం నిజాయితీగా చెప్పాలి, వీటిలో ఉప్పు ఎక్కువ, బీపీ ఉన్నవాళ్ళు నానబెట్టి నీళ్ళు మార్చి వండుకోవాలి. దక్షిణ చైనా పద్ధతిలో చేసే ఉప్పుచేపకీ ముక్కు వెనక గొంతులో వచ్చే క్యాన్సర్‌కీ సంబంధం రుజువైంది కూడా. అది ఆ తరహా తయారీ సంగతి, ఎండిన చేపలన్నిటికీ అంటగట్టలేం.

వాసన గురించి సరిగ్గా తలకిందులుగా రాశారు. సముద్రపు చేప తాజాగా ఉన్నప్పుడు ఉప్పునీటి వాసన, లేత పాచి వాసన తప్ప ఏమీ రాదు. ఇందాక చెప్పిన ట్రైమిథైలమీన్ ఆక్సైడే, మామూలు చేపల్లో తక్కువగా ఉండేది, బ్యాక్టీరియా చేతిలో పడి ట్రైమిథైలమీన్‌గా మారితే ఆ ఘాటు నీచు వస్తుంది. అంటే ఘాటు అనేది గడిచిన టైమ్‌కి గుర్తు. నిమ్మకాయ ఇక్కడ నిజంగా పనికొస్తుంది, ఆ వాసన పదార్థాన్ని పులుపు పట్టేస్తుంది, కానీ కప్పిపుచ్చడమే, చేప మళ్ళీ తాజా అవదు.

అయితే వాసన లేదు కదాని ధీమాగా ఉండటానికీ లేదు. ట్యూనా, మాకెరెల్ లాంటి చేపల్ని వేడిలో వదిలేస్తే బ్యాక్టీరియా వల్ల హిస్టమిన్ తయారవుతుంది, చేప చూడ్డానికి, వాసనకి బాగానే ఉండొచ్చు, తిన్న కాసేపటికి మొహం ఎర్రబడి, తలనొప్పి, దద్దుర్లు, గుండె దడ. ఒకసారి తయారైన హిస్టమిన్ ఉడికించినా పోదు, వేయించినా పోదు, డబ్బాలో పెట్టినా పోదు, తర్వాత ఫ్రీజ్ చేసినా పోదు. దాన్ని పుట్టకుండా ఆపడమే మార్గం, అంటే పట్టిన దగ్గర్నుంచి పొయ్యి ఎక్కేదాకా ఐస్ తప్పకూడదు. ఐస్ వద్దని చెప్పే మెసేజ్‌ని నమ్మి ఎవరైనా చేపను గంటల తరబడి ఎండలో మోసుకొస్తే జరిగేది ఇదే.

పాలు, బొల్లి ముచ్చట రెండు ముక్కల్లో. బొల్లి అనేది చర్మానికి రంగునిచ్చే కణాలను మన రోగనిరోధక వ్యవస్థే దెబ్బతీయడం వల్ల వస్తుంది, చేప పక్కన పాల గ్లాసు ఉందా లేదా అని అది చూడదు. స్కాట్‌లాండ్‌లో కలన్ స్కింక్ అనే సూప్‌లో పొగబెట్టిన హాడక్ చేపని పాలలోనే ఉడికిస్తారు, ఫిన్లాండ్‌లో సాల్మన్ సూప్‌లో పాలో మీగడో పోస్తారు, విచెన్సా సంగతి పైన చెప్పాను. చేపకో పాలకో అలర్జీ ఉన్నవాళ్ళు ఏది పడదో దాన్ని మానేయాలి, రెండూ పడేవాళ్ళు కలిపి తిన్నా ఏమీ కాదు.