విదేశయాత్రతో చెరగని గీత

దక్షిణాఫ్రికాలోని బ్లూంఫోంటేన్‌లో ఉన్న ఫ్రీ స్టేట్ విశ్వవిద్యాలయం 2010లో ఓ ప్రయోగం మొదలుపెట్టింది. మొదటి సంవత్సరం విద్యార్థుల్లో కొందరిని, నల్లవారినీ తెల్లవారినీ కలిపి, అమెరికా విశ్వవిద్యాలయాలకు పంపింది. వేర్వేరు జాతులవారు కలిసి చదువుకుంటూ, కలిసి బతుకుతున్న చోటు చూసి రమ్మన్నది. అంత అవసరం ఎందుకొచ్చిందంటే, అక్కడి రైట్జ్ హాస్టల్ తెల్లజాతి విద్యార్థులు నల్లజాతి పారిశుద్ధ్య సిబ్బందిని ఘోరంగా అవమానిస్తూ తీసిన వీడియో 2008లో బయటపడింది. హాస్టళ్లలో అందరినీ కలపాలన్న నిర్ణయం మీద అక్కసు అది. వర్ణవివక్ష పాలన పోయి అప్పటికి పద్నాలుగేళ్లు.

1959 చట్టంతో జొహన్నెస్‌బర్గ్‌లోని విట్స్, కేప్‌టౌన్ విశ్వవిద్యాలయాల తలుపులు నల్లవారికి దాదాపు మూసేసి, జాతికో కాలేజీ కట్టిన దేశమది. చెరకు తోటలకు వలసపోయిన తెలుగు, తమిళ కూలీల మనవలకు దక్కింది డర్బన్ రేవులోని పాత నౌకాదళ స్థావరంలో పెట్టిన కాలేజీ. అలాంటి సమాజం నుంచి ఇద్దరు అమెరికా వస్తే పాస్‌పోర్టు ఒకటే, బతుకులు రెండు. నల్లవాడితో ఒకే బల్ల దగ్గర తిని ఎరగని తెల్ల కుర్రాడొకడు. తెల్ల ప్రొఫెసర్ ముందు నోరు విప్పితే ఏమవుతుందోనని ఆలోచించే నల్ల కుర్రాడు మరొకడు. ఆ మౌనాన్ని చదువులో వెనకబాటుగా లెక్కగట్టే సలహాదారు, అంటే విదేశీ విద్యార్థులకు దారి చూపే క్యాంపస్ ఉద్యోగి, మేలు కన్నా కీడే ఎక్కువ చేస్తాడు. ఆతిథ్య దేశమైన అమెరికా సంగతీ దాచకూడదు. 1961 నాటికి కూడా మేరీలాండ్ హైవే హోటళ్లలో ఆఫ్రికా దౌత్యవేత్తలకే తిండి పెట్టలేదు.

విదేశీయాత్రతో అంతా మారిపోతుందనుకోవడమూ పొరపాటే. 2016లో అదే ఫ్రీ స్టేట్‌లో, రగ్బీ మైదానంలోకి దిగిన నల్లజాతి నిరసనకారులను తెల్ల ప్రేక్షకులు చితకబాదారు. కొద్దిమందికి కొద్దిరోజులు చూపించి, మిగతా హాస్టల్‌ను వదిలేస్తే దక్కేది ఇంతే.

ఇది పరాయి దేశపు గొడవని మనం చేతులు దులుపుకోలేం. 2023–24లో అమెరికాలో 3,31,602 మంది భారతీయ విద్యార్థులున్నారు. వారిలో తెలుగువారి వాటా పెద్దది. మన దగ్గర గీత గీసేది రంగు కాదు, కులం. ఊరికీ వాడకూ మధ్య ఉన్న దూరం విమానమెక్కి వాళ్లతోపాటే వెళ్తుంది. అక్కడ రూమ్ కోసం ఫోన్ చేస్తే అద్దె సంగతి తేలకముందే ‘మీ ఇంటిపేరేంటి, మీదే ఊరు?’ అని ఆరా. అడిగేవాడికీ, చెప్పేవాడికీ దాని భావం తెలుసు. క్యాంపస్ సలహాదారుకు మాత్రం తెలియదు. ఆయనకది కుశలప్రశ్న!

అమెరికాలోని బ్రాండైస్ విశ్వవిద్యాలయం 2019లో, కాలిఫోర్నియా స్టేట్ యూనివర్సిటీ 2022లో కులవివక్షను తమ నిషేధ నిబంధనల్లో చేర్చాయి. నిబంధన ఉంటే సరిపోదు, ఫిర్యాదుకు దారి ఉండాలి. ఆ దారి భారతీయ విద్యార్థి సంఘం గుమ్మం మీదుగా పోతే చాలామంది నోరు విప్పరు. విడిగా, గోప్యంగా చెప్పుకొనే ఏర్పాటు కావాలి. ఇక్కడి కన్సల్టెన్సీలు వీసా ఇంటర్వ్యూలో ఏం చెప్పాలో, బ్యాంకు నిల్వ ఎంత చూపాలో నూరిపోస్తున్నాయి. రూమ్మేట్ కులం ఆరా తీస్తే క్రమశిక్షణ చర్యదాకా వెళ్లవచ్చని ఒక్కమాటా చెప్పడం లేదు. తెలుగు రాష్ట్రాల ఉన్నత విద్యా మండళ్లు ఈ ఏడాది ప్రయాణాలు మొదలయ్యేలోపే ఆ మాట చెప్పించాలి.