రాయిని ఏరాలా, ఉన్నచోటే వదలాలా?

బేతంచెర్ల దగ్గర దున్నిన చేలో తేలిన రాళ్లలోంచి సుబ్బన్న ఒకటి ఏరి సంచిలో వేసుకోబోయాడు. ఆయన అన్న కూతురు లక్ష్మి, హైస్కూల్లో సోషల్ టీచర్, వద్దంది.

సుబ్బన్న: ఎందుకు వద్దు పాపా? ఇది ఆదిమానవుడి చేతిగొడ్డలి. ఈ రోజు నేను తీసుకోకపోతే రేపు ట్రాక్టర్ కింద పడి ముక్కలవుతుంది.

లక్ష్మి: తీసుకుంటే రాయి మిగులుతుంది చిన్నాయనా, దాని ఊరూ పేరూ పోతాయి. ఇంట్లో సంచెడు పెట్టుకున్నావు. ఏది ఏ చేలో దొరికిందో చెప్పగలవా?

సుబ్బన్న: కొన్ని చెప్పగలను. అయినా 1863లో మద్రాసు దగ్గర పల్లావరంలో భూగర్భ శాస్త్రవేత్త రాబర్ట్ బ్రూస్ ఫుట్ దొర రాయి ఏరబట్టే కదా మన దేశపు రాతియుగం బయటపడింది! ఆయన ఏరితే శాస్త్రం, నేను ఏరితే తప్పా?

లక్ష్మి: ఆయన ఏరినవాటికి ఎక్కడ దొరికాయో రాసిపెట్టాడు. తేడా అక్కడే ఉంది. బనగానపల్లె పక్కన జ్వాలాపురం సంగతి చూడు. సుమత్రాలో టోబా అగ్నిపర్వతం దాదాపు 74,000 ఏళ్ల కిందట పేలినప్పుడు వచ్చిన బూడిద అక్కడ జుర్రేరు లోయలో పొరగా ఉంది. పురావస్తు పరిశోధకులు రవి కొరిశెట్టర్, మైకేల్ పెట్రాగ్లియా బృందం తవ్వితే బూడిద కిందా రాతి పనిముట్లే, పైనా రాతి పనిముట్లే. రెండింటికీ పోలిక ఉందనీ, అంత పేలుడు తర్వాత కూడా ఇక్కడ మనుషులు బతికే ఉన్నారనీ 2007లో వాళ్లు వాదించారు. కాదన్నవాళ్లూ ఉన్నారు. కానీ అవునన్నా కాదన్నా అందరికీ ఆధారం ఒక్కటే, ఏ రాయి ఏ పొరలోది అనే లెక్క. ఎవరో ముందే వెళ్లి రెండు పొరలవీ ఒకే సంచిలో వేసుకొచ్చి ఉంటే అసలు ఆ వాదనే పుట్టేది కాదు.

సుబ్బన్న: అక్కడ పొరలున్నాయి, ఒప్పుకున్నా. ఇక్కడేమున్నాయి? తరాలుగా నాగలి తిరిగిన నేల. రైతు గట్టు మీదికి విసిరేసిన రాయి. ఇందులో ఏ పొర చూస్తావు?

లక్ష్మి: పొర లేదు, నిజమే. కానీ నీ కాళ్ల దగ్గర చూడు, అదే రంగు క్వార్ట్‌జైట్ అనే గట్టి రాయి పెచ్చులు. ఇలా ఒకేచోట గుంపుగా ఉన్నాయంటే ఇక్కడే కూర్చుని చెక్కారేమో అని అడగొచ్చు. గొడ్డలి ఒక్కటీ పట్టుకుపోతే ఇవి కంకర కింద లెక్క.

సుబ్బన్న: పెచ్చులా! అవి ట్రాక్టర్ కొట్టినవి.

లక్ష్మి: వేలితో తడుము. ఇదిగో దెబ్బ పడిన అంచు, దాని కింద ఉబ్బు, అక్కడి నుంచి సన్నటి అలలు.

సుబ్బన్న: వంకలో రాయికి రాయి తగిలినా ఆ ఉబ్బు వస్తుంది.

లక్ష్మి: వస్తుంది, ఒకటో రెండో. నీ గొడ్డలి మీదలా ఒకే అంచు వెంట, రెండు ముఖాల మీదా గాట్లు వరసగా రావు. దాని రంగూ చూడు. పాత గాట్లు రాయి రంగులోనే కలిసిపోయాయి. ఈ మూల మాత్రం లోపలి రంగు బయటపడి మెరుస్తోంది. ఇది ట్రాక్టర్ పనే.

సుబ్బన్న: అదే కదా నేను మొత్తుకునేది! ఫోటో తీసి వదిలేస్తే వచ్చే దుక్కికి రెండో మూలా పోతుంది. ఆ పక్క గుట్ట నాపరాయి లీజుకు పోయింది, జేసీబీ వస్తుందట. జ్వాలాపురంలో నువ్వు చెప్పిన ఆ బూడిదనే తవ్వి అమ్ముకున్నారు, ఎవరాపారు? అర్జీ పెట్టుకుని కూర్చుంటే ఆఫీసర్లు వచ్చేసరికి ఇక్కడ గుంట మిగులుతుంది.

లక్ష్మి: జేసీబీ వచ్చేచోట వదిలేయమనడం నాదే తప్పు. అక్కడ ఏరుదాం. కానీ కదిలించే ముందు స్కేల్ పెట్టి ఫోటో తీయాలి, ఫోన్‌లో లొకేషన్, సర్వే నంబర్ రాయాలి, పెచ్చులతో సహా ఏ గుంపుది ఆ కవర్లో వేయాలి. వంక ఒడ్డున మట్టిలో సగం కూరుకున్న రాయిని మాత్రం పీకొద్దు, దానికి పొర ఉంటుంది.

సుబ్బన్న: ఇంత రాత నా వల్ల కాదమ్మా.

లక్ష్మి: నేను రాస్తా. నీ కంటికి ఆనినన్ని నాకు ఆనవు, నువ్వు చూపించు.

సుబ్బన్న: సరే. యాగంటి దారిలో దొరికినది మాత్రం ఎవరికీ ఇవ్వను.

లక్ష్మి: ఇవ్వమని నేనన్నానా? ఏ మలుపులో దొరికిందో చెప్పు, ముందు అది రాసుకుంటా.