ఖర్చుల పుస్తకం గారికి కొబ్బరి కొట్టు గుమాస్తా రాయునది

మహారాజశ్రీ ఎన్నికల ఖర్చుల పుస్తకం గారి సముఖమునకు,

నమస్కరించి రాయునదేమనగా, ఇక్కడ మేమంతా క్షేమం. మీరు కూడా ఏ ఆఫీసు బీరువాలోనో చెదలు పట్టకుండా ఉన్నారని తలుస్తాను.

నేను అంబాజీపేట దగ్గర ఓ కొబ్బరి కొట్లో ముప్పయ్యేళ్లుగా పద్దులు రాస్తున్నానండి. కుళ్లుకాయ తీసి పక్కన పడేసినా రాయాల్సిందే. లేకపోతే సాయంత్రానికి నిల్వ తేలదు, షావుకారు ఊరుకోడు. అందుకే మొన్నటి ఎన్నికల్లో ఓ అభ్యర్థి ఏజెంటు చేతిలో మిమ్మల్ని చూసి తెగ ముచ్చటపడ్డాను. రోజువారీ ఖర్చుకి తెల్ల పేజీలు, నగదుకి గులాబీ పేజీలు, బ్యాంకుకి పసుపు పేజీలు! టీకి ఇంత, కుర్చీకి ఇంత, షామియానాకి ఇంత అని ముందే ధరల పట్టీ. ఒకరికి పదివేలు దాటి ఇవ్వాలంటే నగదు కుదరదట. మా షావుకారికి కూడా ఇంత క్రమశిక్షణ లేదండి.

అసెంబ్లీ అభ్యర్థికి మీ ఖర్చు హద్దు 2014లో 28 లక్షలు, 2022 నుంచి 40 లక్షలు. నియోజకవర్గంలో రెండు లక్షల ఓట్లున్నాయనుకోండి, తలకి ఇరవై రూపాయలు. ఇరవై రూపాయలకి మా సెంటర్లో ఓ టీ, ఓ సమోసా. దాంతోనే మనిషి ఎమ్మెల్యే అయిపోతున్నాడంటే మీ పొదుపుకి దండం పెట్టాలి.

పోలింగుకి రెండు రోజుల ముందు, రాత్రి తొమ్మిదింటికి, ఓ కుర్రాడు ఓటర్ల లిస్టు పట్టుకుని మా పెద్దమ్మ గుమ్మంలోకొచ్చాడు. సెల్‌ఫోను లైటు వెలుగులో పేర్లకి టిక్కు పెట్టుకుని కవర్లిచ్చాడు. పెద్దమ్మ కళ్లజోడు పెట్టుకుని మరీ లెక్కపెట్టింది.

"నాలుగోట్లుంటే మూడే ఇచ్చావేంట్రా?"

"మీ కోడలు గారు హైదరాబాదులో ఉన్నారు కదండీ."

"రాత్రి బస్సెక్కిందిరా!"

"దిగాక ఇస్తామండి."

చూశారా, ఎంత పక్కా లెక్కో! మనిషి ఊళ్లో కాలు పెట్టందే పైసా రాలదు. అంత చక్కగా రాసిన ఆ లిస్టు మీ మూడు రంగుల్లో ఏ పేజీకీ ఎక్కలేదు. అదే కుర్రాడు మధ్యాహ్నం తాగిన టీ మాత్రం తెల్ల పేజీలో ఎక్కే ఉంటుంది.

మీ తప్పేం లేదులెండి. మీరు పుట్టేదే నామినేషను రోజున, ఫలితాల రోజుతో మీ ఆయువు సరి. సంక్రాంతి బరుల దగ్గర ఫ్లెక్సీలు కట్టి, కుర్రాళ్లకి క్రికెట్ కిట్లు పంచేనాటికి మీరింకా కడుపులో కూడా పడరు.

పైగా మిమ్మల్ని కూర్చోబెట్టింది ఎక్కడ? మా డెల్టాలో నీళ్లు కట్టాలంటే ముందు మెయిన్ కాలువ లాకులు చూసుకుంటాం. మీ వాళ్లు పొలం బోదెకి తలుపేసి, పైన లాకులెత్తేశారు. అభ్యర్థికి హద్దుంది, పార్టీకి లేదు. అభ్యర్థికి తెలిసి పార్టీ పెట్టిన ఖర్చు కూడా అతని లెక్కేనని 1974లో సుప్రీంకోర్టు అంది. ఆ ఏడాదే చట్టం మార్చి ఆ మాటకి గండి కొట్టారు. 2003లో గండి కొంత పూడ్చి, పార్టీ పెద్ద నాయకుల ప్రచార ప్రయాణాలకి దారి వదిలేశారు. అందుచేత హెలికాప్టరు పార్టీ పద్దు, అది దిగాక అభ్యర్థి వేయించిన కుర్చీలు మీ పద్దు.

ఆ కాలువలోకి నీళ్లెవరు వదులుతున్నారో అడగొద్దు. పేరు బయటపడకుండా పార్టీలకి చందాలివ్వడానికి 2018లో వచ్చిన ఎన్నికల బాండ్లని 2024 ఫిబ్రవరి 15న సుప్రీంకోర్టు కొట్టేసింది, సంతోషం. ఇప్పటికీ 20,000 దాటని చందా అయితే పార్టీ ఎన్నికల సంఘానికి పేరు చెప్పక్కర్లేదు. మా కొట్లో ఐదొందల అప్పుక్కూడా ఇంటిపేరుతో సహా రాస్తామండి.

ఇక మీ తమ్ముడు, పంచాయతీల పుస్తకం. 2021లో పదివేల లోపు జనాభా ఉన్న ఊళ్లో సర్పంచి అభ్యర్థికి లక్షన్నర హద్దు పెట్టారు. పార్టీ గుర్తుల్లేని ఎన్నికలు కాబట్టి పార్టీ మీదకి నెట్టే వీలూ లేదు పాపం. కొన్ని ఊళ్లలో ఆ బాధ పడలేక గుడి అరుగు మీద వేలంపాట పెట్టేసుకుంటారు. ఎక్కువ పాడినవాడు సర్పంచి, పైకం గుడి గోపురానికి, పేరు ఏకగ్రీవం. దేవుడి పద్దులో పడ్డదాన్ని మీ తమ్ముడెలా అడుగుతాడు?

అంచేత మనవి చేసేదేంటంటే, మీకు ఇంకో రెండు రంగులు కుట్టించమని చెప్పండి. ఒకటి నామినేషనుకి ముందు ఏడాది ఖర్చుకి, ఇంకోటి నియోజకవర్గం వారీగా పార్టీ ఖర్చుకి. దానికీ ఓ హద్దు గీయమనండి. గెలిచినాయన ముప్పై రోజుల్లో మిమ్మల్ని అప్పజెప్తాడు కదా, ఆ పేజీల నకలు మా పంచాయతీ గోడకి అంటించండి. అధికారులు పట్టుకోలేకపోయినా మా పెద్దమ్మ పట్టుకుంటుంది.

ఇట్లు,
తమ విధేయుడు,
చిట్టా రాసుకునే మనిషి

తా.క.: కోడలు పొద్దున్నే దిగింది, ఓటూ వేసింది. ఆ నాలుగో కవరు మాత్రం ఇంతవరకూ రాలేదండి. పెద్దమ్మ రోజూ నన్నే అడుగుతోంది. మీ గులాబీ పేజీల్లో ఎక్కడైనా తగిలితే కాస్త కబురంపండి.